ఎనుము మీద అర్జీ

గనిలో టైమాఫీసు గుమాస్తాగా రిటైరైన తిమ్మరాయప్ప పొద్దున పదికల్లా ఊరి బోర్డు ఆఫీసు వరండాలో, ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చుంటాడు. కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంటుంది. మురుగు మోరీ నిండినా, వీధిదీపం ఆరినా జనం ఆయన చేతనే సర్కారు భాషైన కన్నడంలో అర్జీ రాయించుకుంటారు. రాసేముందు కలాన్ని గాలిలో మూడు చుట్లు తిప్పుతాడు. ఎందుకని అడిగితే, "ఉండే కొంచెం బుద్ధి చేతిలోకి దిగాల కదప్పా" అంటాడు.

ఒకరోజు వాళ్ల ఇళ్ల లైన్లోనే ఉండే చిన్నవెంకటమ్మ వచ్చి, "ఒక ఎనుము దినామూ కొళాయి కాడికొచ్చి బిందెలు దొర్లిస్తా ఉండాదప్పా" అంది. తిమ్మరాయప్ప ఉత్సాహంగా పేజీ నింపాడు. బర్రెను అట్లా వదిలేసిన మనిషి సోమరి అనీ, ఇరుగుపొరుగంటే లెక్కలేనివాడనీ రాసి, గట్టిగా చదివి వినిపించాడు. ఆమె తలాడించింది.

"ఇంగ పేరు చెప్పమ్మా. ఎవురిది ఆ ఎనుము?"

"నీదే అప్పా."

ఆయన కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నాడు. "రాసింది బాగుండాది, చించేదానికి మనసు రాలేదు" అంటూ తన పేరు చేర్చి, తానే లోపలికెళ్లి ఇచ్చి వచ్చాడు.

మర్నాడే బోర్డు మనుషులు ఎనుమును బందెలదొడ్డికి తోలుకుపోయారు. విడిపించుకోవాలంటే యజమాని గురించి ఇరుగుపొరుగు సాక్ష్యంతో ఇంకో అర్జీ కావాలన్నారు. రాయబోతే తిమ్మరాయప్పకు ఒక్క మాటా తోచలేదు. అటుగా పోతున్న చిన్నవెంకటమ్మను పిలిచి, "ఎనుము యజమాని ఎట్లాంటోడని రాసేదమ్మా?" అని అడిగాడు.

ఆమె బిందె కింద పెట్టి, పక్కన కూర్చుంది.

"మంచోడనే రాసుకో అప్పా. వేలిముద్ర నేనేస్తాను."