మేనత్త వీణకు నేను కాసిన కాపలా

ఒక మంచి వీణను, ఒక పిల్ల మొదటి కచేరీని ఒకే మధ్యాహ్నం, ఒకే తాళంచెవితో నాశనం చేయబోయిన మొనగాణ్ణి మీకు పరిచయం చేస్తాను. నేనే.

మా మేనత్త చివరిరోజుల్లో తన పనసచెక్క వీణను ఏలూరులో మా ఇంటికి చేర్చి, "నీకెలాగూ రాదు. బాగా వాయించే పిల్లలు అడిగితే ఇస్తూండు" అంది. మాటిచ్చాను గానీ మనసొప్పలేదు. అరువిచ్చిన గొడుగే తిరిగిరాని రోజుల్లో వీణ వస్తుందా, మీరే చెప్పండి!

మండవల్లి నుంచి జ్యోత్స్న వచ్చింది. చేపల చెరువుల వాళ్ళమ్మాయి. తను వాయిస్తుంటే మా ఆవిడ పొయ్యిమీద పాలు మరిచిపోయింది. తాడేపల్లిగూడెంలో కచేరీకి వీణ అడిగితే ఇచ్చాను. ఇచ్చే ముందు వీణ కుండ అడుగున మా ఆవిడ గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. మార్చేస్తే తెలియొద్దూ! అదీ చాలక నేనూ వెంటవెళ్ళాను.

అక్కడ మృదంగం ఆయన వీణను చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు. రెండోసారి దేనికి? అందరూ భోజనాలకు లేవగానే వీణను మోసుకెళ్ళి నా కార్లో పెట్టి, అద్దాలెత్తి, తాళం వేసి, హాయిగా గోంగూర కలుపుకున్నాను. అది మే నెల.

సాయంత్రం జ్యోత్స్న పరుగున వచ్చింది. "బాబాయిగారూ, వీణ కనపట్టం లేదండీ!"

"భద్రంగా ఉందమ్మా. కార్లో."

"ఏ కార్లో అండీ? ఆ ఎండలో ఉన్నదాన్లోనా?"

"అద్దాలు కూడా బిగించాను. చీమ దూరదు."

"అయ్యో! తీగల కింది మెట్లన్నీ మైనంలోనే కదండీ నిలబడేది!"

తలుపు తీశాం. మైనం కరిగి మెట్లన్నీ పెళ్ళిభోజనం తిన్న బంధువుల్లా తలోపక్కకు ఒరిగి ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడు మృదంగం ఆయనే స్కూటరెక్కాడు. "మా అక్కయ్యగారి వీణ ఉందండీ, ఇప్పుడే పట్టుకొస్తాను" అన్నాడు. తెచ్చాడు, ఏ చుక్కా పెట్టకుండానే ఇచ్చాడు. జ్యోత్స్న వాయించింది. హాలంతా లేచి నిలబడింది. నేను ముందే నిలబడి ఉన్నాను, సిగ్గుతో.

మెట్లు మళ్ళీ కట్టించాక జ్యోత్స్న మా ఆవిడకు ఫోన్ చేసింది. "పిన్నిగారూ, ఇంకో కచేరీ ఉందండీ. వీణ పంపండి. బాబాయిగారిని మాత్రం ఇంట్లోనే ఉంచండి."

అందుకే కరిగిన ఆ మైనం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై వీణ అరువిస్తాను, కాపలా కాయను, ఎవర్నీ అనుమానించను.

అయినా, ఆయన రెండోసారి ఎందుకు చూసినట్టంటారు?