కంఠం రెండోసారి

పంతులుగారికి నా మీద కోపం వచ్చిన రోజు నేను ఇంటికి ఎంతో సంతోషంగా వెళ్లాను. ఈ మాట ఎవరితో అన్నా నన్ను వింతగా చూస్తారు కాబట్టి మొదటి నుంచీ చెప్పుకురావాలి.

నేను బస్టాండులో మైకు మనిషిని. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వచ్చిందో చెప్పడం నా ఉద్యోగం. పోయిన చలికాలంలో ఒక పొద్దున వరంగల్ బస్సు సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ప్లాట్‌ఫాం అనే మాట నోటికి రాలేదు. అది కళ్లెదుటే ఉంది, దాని మీద జనం మూటలతో నిలబడి ఉన్నారు, దాని పేరు మాత్రం నా దగ్గర లేదు. మెదడులో చిన్న రక్తపు గడ్డ అన్నారు డాక్టరు. చెయ్యీ కాలూ బాగానే ఉన్నాయి, మాటలే పోయాయి. గరిటెను ‘అది’ అన్నాను, చెప్పులను ‘అవి’ అన్నాను. ఒకనాడు ఆటో అతనికి మా గల్లీ పేరు చెప్పలేక నయాపూల్ దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఆ సాయంత్రమే నా భార్య ఒక చీటీ రాసి నా చొక్కా జేబులో పెట్టింది.

“ఇంటి ఠికాణా రాసిన. మాట రాకుంటె గిది చూపియ్యి. ఫికర్ చెయ్యకు,” అంది.

ఫికర్ చెయ్యకుండా ఎట్లా ఉంటాను? ఆఫీసులో నన్ను కాగితాలు సర్దే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నెలలు గడిచాక మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కానీ ఇంట్లో మాట తడబడితే నిదానంగా వెతుక్కోవచ్చు. మైకు ముందు ఆ వెసులుబాటు లేదు, బస్సు ఆగదు కదా. సోమవారంలోగా మైకు డ్యూటీకి వస్తావో రావో రాసివ్వమని మా మేనేజరు అడిగారు. రాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఖాయం. ఆ కాగితం రాయకుండా వారమంతా సంచిలో పెట్టుకు తిరిగాను.

ఆ సోమవారానికి ముందు రోజే పదాల పోటీ ఫైనల్ వచ్చింది. నయాపూల్ వెనక గల్లీలో ఒక చిన్న లైబ్రరీ మేడమీద ఏటా జరుగుతుంది. ఒకరు మాట చెబితే, దాని చివరి అక్షరంతో ఎదుటివాళ్లు ఇంకో మాట చెప్పాలి. మాట చివరి సున్నా లెక్క లేదు, గుణింతం పట్టింపు లేదు. పేర్లు, ఊళ్లు చెల్లవు. ణ వస్తే న అనుకోవాలి, ళ వస్తే ల. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు మాట రాకపోతే ఓటమి. చెప్పిన మాటే మళ్లీ చెప్పినా ఓటమే, కాకపోతే దాన్ని ఎదుటివాడే పట్టుకోవాలి. పట్టుకోలేదా, ఆ మాట చెల్లిపోతుంది. పాత ఆటగాణ్ని కాబట్టి మొదటి రౌండ్లు ఎలాగో గట్టెక్కాను. ఫైనల్లో ఆగిపోతే ఇక మైకు ఊసెత్తనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా నా భార్యకు తెలిసిపోయింది, వెంట వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది.

ఎదుట పంతులుగారు. పొద్దున గుళ్లో అర్చన, మధ్యాహ్నం నిఘంటువు పారాయణం. ఏళ్ల తరబడి ఆయనే గెలుస్తున్నారు, ఏళ్ల తరబడి నేను రెండోవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని పెదవుల మీద గుణింతం నడుపుతారు: క, కా, కి, కీ. ఎక్కడో ఒకచోట మాట తగులుతుంది. నా పద్ధతి వేరు. చిన్నప్పుడు మా బాపు వెంట ఉస్మాన్‌గంజ్ బజారులో తిరిగినప్పుడు ఒక్కో అక్షరాన్ని ఒక్కో దుకాణంలో పెట్టుకున్నాను. పప్పుల దుకాణంలో ప, బెల్లం మండీలో బ. మాట కావాలంటే ఆ దారిన నడిస్తే చాలు. జబ్బు చేశాక ఆ బజారు అట్లాగే ఉంది గానీ సగం షట్టర్లు దించి ఉన్నాయి.

జడ్జి టీచరమ్మ, మా వైపు పిల్లలందరికీ తెలుగు నేర్పి రిటైరైన ఆవిడ. “షురూ చెయ్యండి,” అన్నారు.

మొదట్లో బాగానే సాగింది. నేను పలక అన్నాను, ఆయన కంఠం అన్నారు. అప్పుడే అర్థమైంది, ఈసారి ఆయన ఆయుధం ఠ అని. తెలుగులో ఠతో ముగిసే మాటలకు కొదవ లేదు, మొదలయ్యేవే వేళ్ల మీద లెక్క. ఠీవి అన్నాను. కాసేపటికి పాఠం వచ్చింది, ఠాణా అన్నాను. తర్వాత మఠం, ఠావు అన్నాను. ఆ తర్వాత ఆయన కళ్లు తెరిచి, నెమ్మదిగా, “పీఠం,” అన్నారు.

ఠ దుకాణం ముందు నిలబడ్డాను. షట్టరు దించి ఉంది. టీచరమ్మ లెక్క మొదలుపెట్టారు. ఎనిమిది, తొమ్మిది. ఆ చలికాలపు పొద్దున మైకు ముందు ఎట్లా ఉందో అచ్చంగా అట్లాగే ఉంది. పద్నాలుగు. మాట రానప్పుడల్లా చేసే పనే చేసింది నా చెయ్యి, జేబులోకి వెళ్లి ఆ చీటీని పట్టుకుంది. నా భార్య గొంతు చెవిలో వినపడింది.

“ఠికాణా,” అన్నాను.

“అది ఉర్దూ,” అన్నారు పంతులుగారు వెంటనే.

“మీ ఇంట్ల గట్ల అనరా?” అడిగారు టీచరమ్మ.

ఆయన అయిష్టంగానే, “అంటరు,” అన్నారు.

“అయితె చెల్లుతది. గాని జేబుల ఏముంది? చీటీ చూసి చెప్తె చెల్లదు. ఇటియ్యి.”

ఇచ్చాను. ఇవ్వక తప్పదు. అందులో ఠికాణా అనే మాట లేదు. నా పేరు, గల్లీ, ఇంటి నంబరు, కింద ‘ఈయనకు మాట సరిగ రాదు, దయచేసి ఇంటికి పంపండి’ అని ఉంది. ఆవిడ అది మనసులో చదువుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. అలవాటు కొద్దీ బయటికే చదివారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అందరి ముఖాల్లోనూ జాలి. నాకు జాలి అంటే ఒళ్లు మంట.

“నకల్ ఏం లేదు, చీటీల ఆ మాటే లేదు. ఆట కానియ్యండి,” అన్నారు టీచరమ్మ గొంతు సవరించుకుని. చీటీ ఆవిడ బల్ల మీదే ఉండిపోయింది.

పంతులుగారు నాలుక అన్నారు. నేను కిటికీ అన్నాను. ఆయన పెదవులు క, కా అని కదలకముందే చప్పున మాట వచ్చేసింది.

“కంఠం.”

వెనక ఎవరో అయ్యో అన్నారు, నాకు మళ్లీ ఠ వచ్చిందని. నేను మాత్రం ఠ దుకాణం వైపు నడవనే లేదు. చెయ్యెత్తాను.

“అయిపోయిన మాట పంతులుగారూ. నేను పలక అన్న, మీరు కంఠం అన్నరు, నేను ఠీవి అన్న.”

టీచరమ్మ రాసుకున్న పుస్తకం తిరగేశారు. మొదటి పేజీలో, నేను చెప్పిన వరుసలోనే ఉంది. ఆట ముగిసింది, చప్పట్లు కొట్టారు. నాకేమో గుండెలో ముల్లు దిగింది. ఈయన మాట మళ్లీ చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. చీటీ విని జాలిపడి ఓడిపోయారా? అట్లా అయితే నా గెలుపు గెలుపే కాదు, సోమవారం రాయాల్సింది వేరే జవాబు.

దగ్గరికి వెళ్లి నేరుగా అడిగేశాను. “నిజం చెప్పండి. కావాలని అన్నరా?”

ఆయన ముఖం మాడిపోయింది. “ఏంది తమ్మీ, కావాలని ఓడిపోతనా? నాకేం పని లేదా? ఆ పుస్తకం నేను రెండుసార్లు చూసిన, ఎక్కడన్న తప్పు రాసిన్రేమో అని. కంఠం అయిపోయిందని నాకు యాదికే రాలే. నీకెట్ల వచ్చింది?” అని కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “ఇగ నాతోటి మాట్లాడకు ఇయ్యాల.”

మెట్లు దిగిపోతూ కూడా గొణుగుతూనే ఉన్నారు. ఆ గొణుగుడు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. జాలిపడ్డవాడు అట్లా గొణగడు. ఆయన మరిచిపోయారు, నాకు గుర్తుంది. అక్కడే కుర్చీలో కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

కింద ఆటో ఆపాం. “ఎక్కడికి అన్నా?” అన్నాడతను. ఇన్ని నెలలుగా ఆ ప్రశ్నకు నా భార్యే జవాబు చెప్పేది. ఈసారి ఆమె రోడ్డు వైపు చూస్తూ ఊరుకుంది.

“ధూల్‌పేట్. విగ్రహాలు చేసే గల్లీ దాటి రెండో మలుపు,” అన్నాను.

ఆటో కదిలాక ఆమె నా జేబు తడిమింది. “చీటీ ఏది?”

“టీచరమ్మ బల్ల మీద మర్చిపోయిన.”

వెనక్కి పోదామంటుందేమో అనుకున్నాను. “ఉండనియ్యి తియ్యి,” అంది.

సోమవారం కాగితం రాసిచ్చి మైకు ముందు కూర్చున్నాను. మొదట వచ్చింది వరంగల్ బస్సే. ప్లాట్‌ఫాం అనే మాటను అవసరం లేకపోయినా రెండుసార్లు అన్నాను. అక్కడ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.