చెవులాయనకు లొంగని తాళం

కోర్టు గోడకు ఆనుకుని ఒక డబ్బాకొట్టు ఉంది. బల్ల పెడితే మనిషి పట్టడు, మనిషి కూర్చుంటే బల్ల పట్టదు. అందులోనే ముప్పై ఎనిమిదేళ్లుగా బల్లతో సహా ఇమిడిపోయి, మారు తాళంచెవులు చేస్తున్నాడు చెవులాయన. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆయన వృత్తికి ఒకటే ధర్మశాస్త్రం, అందులో ఒకటే సూత్రం. ఎవరు తాళంచెవి చేతికిచ్చినా, ఆకురాయి అందుకునే ముందు కళ్లద్దాల మీదుగా చూసి, "ఇల్లు మీదేనా?" అని అడుగుతాడు. జడ్జి గారినీ అడిగాడు. ఆయన తడబడి, "మా ఆవిడ పేరు మీద ఉంది" అన్నారు. మర్నాడు ఆవిడే స్వయంగా వచ్చి చేయించుకెళ్లింది. ఒకసారి ఒకడు సబ్బుబిళ్ల మీద తాళంచెవి అచ్చు పట్టుకొస్తే, ఆ సబ్బుతోనే ముఖం కడుక్కుని రమ్మని పంపేశాడు.

అలాంటి మనిషిని పట్టుకుని ఒక పెట్టె, 'దొంగ' అన్నది.

ఇంట్లో ఆయనా, ఆయన అక్కా ఇద్దరే. ఏడాది కిందట అక్కకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆస్పత్రివాళ్లు వ్యాయామాల డిస్కు ఒకటి కొనమన్నారు. అది కొత్తరకం డిస్కు, దానికో కొత్తరకం ప్లేయరు. పెట్టగానే ముందు దొంగ నకళ్ల గురించి ఒక హెచ్చరిక వస్తుంది. రిమోట్ ఎంత నొక్కినా కదలదు. ఆ తర్వాత ఒకావిడ వచ్చి వేళ్లు ముడవండి, తెరవండి, ప అనండి, బ అనండి అని నలభై నిమిషాలు చెబుతుంది. నాలుగో నెలలో అక్కకు మొదటి మాట వచ్చింది. ఆ మాట "వెధవా". చెవులాయన ఆనందం పట్టలేక వీధిలోకి వెళ్లి కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

మాట కాస్త కూడుకున్నాక అక్క ఆ హెచ్చరికనూ వ్యాయామంలో కలిపేసి పైకి చదవడం మొదలుపెట్టింది. "శిక్షార్హమైన" దగ్గర రోజూ నాలుక మడతపడేది.

చిక్కల్లా డిస్కు తనే పెట్టుకుంటాననడం, అదీ కుడిచేత్తోనే. మూడుసార్లకోసారి కిందపడేది.

"ఇటివ్వక్కా, నేను పెడతా."

"పెట్టడమే నా ఎక్సర్‌సైజు. నువ్వెళ్లి నీ చెవులు చూసుకో."

డిస్కు నిండా గీతలు. పన్నెండో నిమిషంలో తెరమీద ఆవిడ వేళ్లు తెరిచి, అలాగే గడ్డకట్టి, ఎప్పటికో కదిలేది. చెవులాయనకు తోవ స్పష్టంగా కనిపించింది. అసలు బీరువాలో ఉండాలి, నకలు అక్క చేతిలో ఉండాలి. ఎన్నిసార్లు పడేసుకుంటుందో పడేసుకోనీ. ఇంట్లో ఉన్న పాతరకం డిస్కులన్నింటికీ అలాగే చేయించాడు. వెంటనే కంప్యూటర్ల కొట్టుకు పట్టుకెళ్లాడు.

కొట్లో అమ్మాయి డిస్కు పెట్టింది. తెరమీద తీర్పులాంటి వాక్యం వచ్చింది: 'ఈ డిస్కు రక్షింపబడినది. నకలు అనుమతింపబడదు.'

"ఎవర్నించి రక్షించారమ్మా?"

"మీ నుంచే అంకుల్."

"కొన్నది నేనే కదా."

"డిస్కు మీదే. అందులో ఉన్నది మీది కాదు."

"అంటే ఇల్లు నాది, గదులు నావి కావు."

"తాళం వేసేశారంకుల్, ఏం చేస్తాం."

చెవులాయన ముఖం విప్పారింది. మాట ఇప్పటికి తన పరిధిలోకి వచ్చింది. "తాళం ఉంటే చెవి ఉండాలి. ఎక్కడుంది?"

"మీ ప్లేయర్లోనే. అది లోపల తాళం తీసి, బొమ్మ చూపించి, మళ్లీ వేసేస్తుంది. మీ చేతికి మాత్రం ఇవ్వదు. తీసే ఉపాయాలున్నాయంటారు గానీ, మా ఓనరు కొట్లో ఆ మాటే ఎత్తొద్దన్నాడు."

చెవులాయన డిస్కు వెనక్కి తీసుకున్నాడు. "నా ఇంట్లో, నా టీవీ కింద చెవి దాచి, నా చెవిలోనే పువ్వు పెట్టారన్నమాట. ఒక్కసారి, 'డిస్కు మీదేనా' అని అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా."

కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ డిస్కు తయారీ ఆపేశామనీ, మరొకటి ఇవ్వలేమనీ, దొంగ నకళ్ల నివారణలో ఆయన సహకారానికి కృతజ్ఞతలనీ జవాబొచ్చింది.

అక్క విని, "సహకరించావా?" అంది.

"లేదు."

"సహకరించకు."

చెవి పూర్తిగా పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఆయన చేసే పని ఒకటుంది. గాట్లు లేని ఉత్త చెవిని తాళంలో పెట్టి తిప్పుతాడు. లోపల ఒరుసుకున్నచోట దానిమీద సన్నటి గుర్తు పడుతుంది. అక్కడ ఆకురాయితో రుద్ది మళ్లీ పెడతాడు. ఓపిక ఉండాలే గానీ, తన చెవి ఎలా ఉంటుందో తాళమే చెప్పేస్తుంది.

మర్నాటి నుంచి కొట్టు గంట ఆలస్యంగా తెరిచాడు. పొద్దున్నే అక్క పక్కన కుర్చీ వేసుకుని, తెరమీద ఆవిడ ముడవమంటే ముడిచాడు, తెరవమంటే తెరిచాడు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దగ్గుతుందో పట్టుకున్నాడు.

"నీకేం రోగంరా?" అంది అక్క.

"ఒరుసుకుంటున్నా."

రెండు నెలలు తిరిగాక ఒక పొద్దున డిస్కు మళ్లీ జారి నేలమీద గిరగిరా తిరిగి పడింది. ప్లేయరు దాన్ని మింగినట్టే మింగి, బయటికి కక్కేసింది. తుడిచి పెట్టినా అంతే. అక్క తన చేతికేసి చూసుకుంది.

"నేనే పాడు చేశాను."

"కుడిచేత్తోనే కదా పడేశావు. పోయినేడాది పడెయ్యడానికైనా పట్టుకున్నావా?"

చెవులాయన చొక్కా సర్దుకుని నల్లటి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. డిస్కులో ఆవిడలాగే చిన్నగా దగ్గాడు. "వేళ్లు..."

"ఆగు. ఆవిడ ఇంత లావు లేదు," అంది అక్క. "సరే కానీ. మొదట్నుంచి చెప్పు."

"మొదట్నుంచి అంటే?"

"ఆ హెచ్చరికతో సహా."

చెవులాయన చేతులు కట్టుకుని, కోర్టులో బంట్రోతు పిలిచే గొంతుతో మొదలుపెట్టాడు: "ఈ కార్యక్రమమును ఏ రూపములోనైనను నకలు చేయుట శిక్షార్హమైన నేరము."

అక్క ఒక్కో మాటే ఆయన వెనకాల అంది. 'నకలు' దాటింది. 'చేయుట' దాటింది. ఊపిరి పీల్చుకుని, "శిక్షార్హమైన" అంది, ఎక్కడా మడతపడకుండా.

"ఇప్పుడు వేళ్లు ముడవండి," అన్నాడు ముద్దాయి.