పిన్నిగారి ఖాళీ పేజీ

పిన్నిగారు పోయారన్న కబురు నాకు గోదావరి మీద అందింది. కొవ్వూరులో ఇల్లు, రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. రోజూలాగే పొద్దున్న బస్సులో వంతెన దాటుతున్నాను. పొగమంచులో నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు. తణుకు నుంచి వాళ్లమ్మాయి ఫోను. రెండు నెలలుగా పిన్నిగారు కూతురి దగ్గరే ఉంటున్నారు. "అన్నయ్యా, అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. ఇంటికి తీసుకొస్తున్నాం" అంది. ఏం జవాబిచ్చానో గుర్తులేదు. అవతలి ఒడ్డు ఎంతకీ రాలేదని మాత్రం గుర్తుంది. దిగి, వెనక్కి వచ్చే బస్సెక్కాను.

ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని డీటీపీ పని చేసేవారు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, చర్చిలో క్రిస్మస్‌కి పంచే పాటల కాగితాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ అక్కడే తయారయ్యేవి. మీరు మా కొవ్వూరు వైపు వాళ్లయితే మీ ఇంట్లో ఏదో ఒక కార్డు ఆవిడ చేతి మీదుగా వచ్చిందే అయి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని కూర్చునేవారు. టైపు చేస్తూ ప్రతి పేరూ పైకి చదివేవారు. వేసవి మధ్యాహ్నాలు మా కిటికీ పక్కన మంచం మీద కునుకు తీస్తుంటే ఆ పేర్లు నా నిద్రలోకి వచ్చేవి. నేనెన్నడూ చూడని పెళ్లికూతుళ్లు, వాళ్ల మేనమామలు, తాతగార్లు ఒక్కొక్కరే మా ఇంట్లోంచి నడిచి వెళ్తున్నట్టు ఉండేది. అంత హాయైన నిద్ర నాకు మళ్లీ పట్టలేదు.

ఆవిడకొక పట్టింపు ఉండేది. శుభలేఖకి పాతది తెరిచి పేర్లు మార్చేవారు. పెద్దకర్మ కార్డుకి మాత్రం పాతది ముట్టుకునేవారు కాదు, ఖాళీ పేజీ తెరిచి మొదటి అక్షరం నుంచి కొట్టేవారు. ఎందుకండీ ఈ అవస్థ అని ఒకసారి అడిగాను. పని నేర్చుకున్న కొత్తలో పాత కార్డు మీదే పేర్లు మారుస్తూ, పోయినాయన పేరు ఉండాల్సిన చోట కార్యానికి పిలిచే తమ్ముడి పేరు పెట్టేశారట. కార్డులు పంచాక ఆ తమ్ముడుగారే వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఇంతకీ నేనెప్పుడు పోయానమ్మా?" అని నెమ్మదిగా అడిగారట. ఈ కథ చెప్పినప్పుడల్లా పిన్నిగారు నవ్వేవారు. ఆ నవ్వు ఆగాక మాత్రం, "పోయిన మనిషి మళ్లీ రాడు కదా అబ్బాయ్. ఆయన కాగితం కూడా ఇంకొకళ్లకి రాకూడదు" అనేవారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఆవిడ ల్యాప్‌టాప్ మరీ నత్తనడకగా ఉందని, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కొన్ననాటిలా అయిపోతుందని నేనే ముందుకు దూకాను. కార్డులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఏదో ఆపరేషన్ చేసే డాక్టరులా బటన్ నొక్కాను. మిషను నిజంగానే కొత్తదైంది. తీరా కార్డు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలిసిన పిచ్చిరాత. ఆవిడ వాడేది పాతకాలం తెలుగు ఫాంటు. దాన్ని దాచాలన్న ఊహే నాకు రాలేదు, రీసెట్‌తో పాటు అదీ పోయింది. బయట ముహూర్తాల రోజులు.

పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి జరిగారు. ఆ పిచ్చిరాత మీద వేలు ఆనించి, తడుముకోకుండా చదవడం మొదలుపెట్టారు. వరుడు, వధువు, కల్యాణ మండపం, విందు. నిజంగా చదివారో, గుర్తున్నది అప్పజెప్పారో నాకిప్పటికీ అనుమానమే. "అక్షరాలెక్కడికీ పోలేదు అబ్బాయ్, చొక్కా మార్చుకున్నాయంతే" అన్నారు. రాజమండ్రిలో ఒక ప్రెస్సాయన దగ్గర ఆ ఫాంటు సీడీ దొరికేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. దొరికాక మాత్రం వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నా పరువు తీశారు.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ మళ్లీ నా చేతికి వచ్చింది. తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇవ్వమని చెప్పి వెళ్లారట. "కొత్తదానిలా చేసి ఇవ్వమను, వాడికి అలవాటేగా అంది అమ్మ, అన్నయ్యా" అని వాళ్లమ్మాయి నవ్వబోయి ఏడ్చింది. పదకొండో రోజున ఇచ్చెయ్యాలి. ఈలోగా అమ్మవి ఏవీ పోకుండా చూడమంది. ఒకసారి పోగొట్టినవాణ్ణి. ఈసారి పోతే చదివి చెప్పడానికి ఆవిడ లేరు.

ముందు ఫాంటు దాచాను. కార్డులన్నీ మా ఇంటి కంప్యూటరులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ తెరిచి తెలుగు కనబడుతోందో లేదో చూసుకున్నాను. ఆవిడ పెద్దకర్మ కార్డు చేసే పని కూడా నాదే. దుఃఖంలో తొందర. ఒక పాత కార్డు తెరిచాను, పేరు మారిస్తే చాలనుకున్నాను. ఎవరిదో పేరు సగం చెరిపాక చెయ్యి ఆగిపోయింది. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. అది మూసేసి ఖాళీ పేజీ తెరిచాను. నాలుగు వాక్యాలకి మధ్యాహ్నమంతా పట్టింది. ఆవిడ ముందు గదిలోనే కూర్చుని, ఆవిడ పేరు పైకి చదువుతూ కొట్టాను. ఆ గదిలో ఆ పేరు అంతకుముందు ఎవరూ పైకి చదివి ఉండరు.

తరువాత రీసెట్. అన్నీ తుడిచేస్తాను, సరేనా అని మిషను అడిగింది. సరేనన్నాను. ఒకటి, రెండు, మూడు శాతం అంటూ అంకె పెరుగుతుంటే ఆవేళ పొద్దున్న వంతెన మీద చూసిన మంచులాగా తెర తెల్లబడింది.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆ అమ్మాయి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిస్తే అది, అప్పుడే కొన్నట్టు, ఏ భాష కావాలి, మీ పేరేంటి అని అడిగింది. కీబోర్డు మాత్రం పాతదే. నడిమి వరుసలో అక్షరాలు అరిగి నున్నబడ్డాయి. స్పేస్ బార్ మీద కుడి బొటనవేలు పడేచోట చిన్న మెరుపు. అక్షరాల స్టిక్కర్లు తెచ్చి అంటిస్తానన్నాను. "వద్దండీ, ఉండనివ్వండి" అంది ఆ అమ్మాయి. లేచి పెరట్లోకి వెళ్లింది. కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది. చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, బొటనవేలు ఆ మెరుపు మీద పెట్టింది.