గొడుగు ఎందుకు?

నాలుగేళ్ల మా అమ్మాయి 'థింకింగ్ స్కిల్స్'లో వెనకబడిందని ఈ రోజు మధ్యాహ్నం మణికొండలోని ప్లేస్కూల్ టీచర్ పిలిపించారు. వెళ్లాను. నా ముందే దానికి గొడుగు బొమ్మ చూపించి, ఇది ఎప్పుడు వాడతామని మళ్లీ అడిగారు.

"ఎండ కొట్టినప్పుడు. గేటు కాడ మక్క కంకులమ్మే అవ్వకు నెత్తి కాల్తది కదా!" అంది మా పిల్ల. పగలంతా దాన్ని చూసుకునే యాదమ్మ మాట తీరు అది. మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటే, దానితో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

టీచర్ ఇంటూ కొట్టారు.

"అందులో తప్పేముందండీ?" అన్నాను.

"ఆన్సర్ కీలో రెయిన్ అని ఉంది మేడమ్. ఇంట్లో కొంచెం ప్రాక్టీస్ చేయించండి."

పోట్లాడాల్సింది. పైక్లాసులో సీటు గుర్తొచ్చి తలూపాను. ఆటోలో దారి పొడవునా నేనే వల్లె వేయించాను. "మరి అవ్వకు?" అని అది రెండుసార్లు అడిగింది. "అవ్వ సంగతి నీకెందుకు? చెప్పింది చెప్పు" అని కసిరాను.

ఆటో దిగేసరికి మాడ్చేసే ఎండ. యాదమ్మ గొడుగేసుకుని ఎదురొచ్చింది. "గొడుగెందుకు తల్లీ?" అని అడిగాను. పిల్ల గొడుగు వైపు చూడనైనా లేదు. నా మొహంలోకి చూసి "రెయిన్" అంది.

"వెరీ గుడ్" అన్నాను.

మీ ఇళ్లల్లో ఇంకా తప్పు జవాబులు చెప్పే పిల్లలుంటే, ఆ జవాబులు కామెంట్లలో రాసి పెట్టండి. మా ఇంట్లో దాన్ని ఈ రోజు నేనే బాగుచేసేశాను.