వెలిక నాయనమ్మ కొలువులో నిలవని కాపలావాళ్ళు

లోకంలో ఉన్న కంప్యూటర్ వైరస్‌లన్నీ ఒకసారి మహాసభ పెట్టుకుని, ఎక్కడికైనా పోదాం గానీ బల్గేరియాలో రూసె పట్టణం, రేవు వెనకాల ఉన్న అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తుకి మాత్రం చచ్చినా పోవద్దని తీర్మానించుకున్నాయి. అక్కడ మా వెలిక నాయనమ్మ ఉంటుంది. ఈ మాట ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. వైరస్‌ల సంగతి అలా ఉంచండి, ఆవిడ ధాటికి యాంటీవైరస్‌లే నిలవలేదు.

ఆవిడకున్న పిచ్చి అదొక్కటే. ఒక యాంటీవైరస్‌ని పెట్టుకోవడం, దాంతో పోట్లాడటం, దాన్ని గెంటేయడం, ఆ కోపం చల్లారకముందే ఇంకోదాన్ని పెట్టుకోవడం.

నాయనమ్మ రిటైరయ్యేదాకా బట్టల మిల్లు ఆడపిల్లల హాస్టల్ గుమ్మంలో కాపలా ఉద్యోగం చేసింది. ఆవిడ కళ్ళుగప్పి మగపురుగన్నది మెట్లెక్కలేదు. ఒక్కడు మాత్రం నీళ్ళ పైపులు బాగుచేసేవాడి వేషంలో రెండో అంతస్తు దాకా వెళ్ళాడట. వాడే తర్వాత మా తాతయ్య అయ్యాడు.

అందుకని ఆవిడ లెక్కలో యాంటీవైరస్ అంటే గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి. సాయంత్రమయ్యేసరికి కళ్ళజోడు పెట్టుకుని దానికి విచారణ మొదలుపెట్టేది.

“ఏరా, ఇవాళ ఎవడొచ్చాడు?”

‘ప్రమాదాలేమీ కనబడలేదు’ అని తెర మీద పిల్లి బొమ్మ పక్కన ఆకుపచ్చ అక్షరాలు.

“కనబడలేదా? కళ్ళు మూసుకుంటే ఎలా కనబడతాయి! పొద్దుటి నుంచీ ఒక్కణ్ణీ పట్టుకోలేదా?”

“ఎవరూ రాలేదేమో నాయనమ్మా” అనేదాన్ని నేను.

“రాకపోవడమేమిటే నెదా? గుమ్మమన్నాక ఎవడో ఒకడు వస్తాడు. వీడు కునుకు తీశాడు. పీకెయ్!”

పీకేశాను. రెండోది చురుకైనది. మొదటి సాయంత్రమే మూడొందల ప్రమాదాలు పట్టుకున్నానని గొప్పగా చెప్పుకుంది. నాయనమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

“మూడొందల మందా! నువ్వు గుమ్మంలో ఉండగా మూడొందల మంది లోపలికెలా వచ్చార్రా?”

అదీ పోయింది. మూడోది ఉచితం. “జీతం లేకుండా కాపలా కాసేవాడికి ఎవరు తిండి పెడుతున్నారో ముందు అది తేల్చు” అంది. నేను తేల్చలేకపోయాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తేల్చలేను. నాలుగోది ప్రతిదానికీ ‘వీరిని అనుమతించమంటారా?’ అని అడిగేది. “అది తేల్చుకోలేకే కదా నిన్ను పెట్టుకున్నాను, వెధవా!” అని మౌస్‌ని బల్లకేసి కొట్టింది. ఆ వారం మౌస్ కూడా కొత్తది కొన్నాం.

“కంప్యూటర్‌తో పాటే ఒకటి వచ్చింది కదా, అది సరిపోతుంది” అన్నాను ఒకసారి, ప్రాణం విసిగి.

“పెట్టె అమ్మినవాడే కాపలావాణ్ణీ పంపాడంటే వాడు ఎవరి మనిషే? నా మనిషా, వాడి మనిషా?”

గెంటేయడంతో ఊరుకున్నా బాగుండేది. మా దగ్గర మనిషి పోతే నల్ల అంచున్న కాగితం మీద ఫొటోతో సంతాపం అచ్చువేసి వీధి తలుపుకి అంటిస్తారు. నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి. ఉద్యోగం ఊడిన ప్రతి యాంటీవైరస్‌కీ నాయనమ్మ అదే మర్యాద చేసేది. మొట్టమొదటి కాగితం నాకు నోటికొచ్చు:

‘తీవ్ర సంతాపంతో తెలియజేయునది. పిల్లి బొమ్మవాడు ఇక లేడు. బతికినన్నాళ్ళూ నిద్రపోయాడు. ఇప్పుడు పెద్ద నిద్ర పోయాడు. దుఃఖించువారు: ఎవరూ లేరు.’

అది చదివి రెండో అంతస్తులో ఉండే పొరుగాయన మెతోది తాతయ్య పరుగెత్తుకొచ్చాడు. ఈయన ఊరి బ్యాండులో ముప్పయ్యేళ్ళు పెద్ద బాకా ఊదిన మనిషి. మాట్లాడినా బాకాలాగే ఉంటుంది. కళ్ళజోడు మర్చిపోవడం వల్ల పైవరస ఒక్కటే చదివాడు. చేతిలో రెండు ఎర్రపూలు. మాలో పోయినవాళ్ళకి సరిసంఖ్యలో ఇస్తాం, బతికున్నవాళ్ళకి బేసిసంఖ్యలో.

“పాపం, ఎవరు పోయారు వెలికా? చిన్నవాడేనా?”

“సోమరిపోతు!”

“తప్పు, పోయినవాణ్ణి అలా అనకూడదు. ఏ జబ్బుతో పోయాడు?”

“జబ్బు లేదు, గిబ్బు లేదు. నేనే పీకించాను. ఇదిగో, నెదా చేత.”

మెతోది తాతయ్య శిలువ గుర్తు వేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు. అసలు సంగతి తెలిశాక వాళ్ళిద్దరికీ యుద్ధం మొదలైంది. రోజూ సాయంత్రం గుమ్మం ముందు బెంచీ మీద ఆయన ఇల్లు ఎగిరిపోయేట్టు చెప్పేవాడు:

“ఎందుకు వెలికా ఈ తద్దినాలు? నా కంప్యూటర్‌కి నా బుర్రే కాపలా!”

“అయితే గుమ్మం బార్లా తెరిచే ఉందన్నమాట” అనేది నాయనమ్మ.

ఒకసారి ఆవిడకి కొత్త ఆలోచన వచ్చింది. ఒక్కడైతే నిద్రపోతాడు, ఇద్దర్ని పెడితే ఒకణ్ణి చూసి ఒకడు మేలుకుంటాడని. వద్దన్నా వినలేదు. పెట్టాం. పెట్టిన గంటకే మొదటివాడు రెండోవాణ్ణి దొంగ అన్నాడు, రెండోవాడు మొదటివాడి కాలరు పట్టుకున్నాడు. కంప్యూటర్ గుట్టెక్కే పాత బస్సులా రొద పెట్టి బిగుసుకుపోయింది. నాయనమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, “కొట్టుకోండి! చావండి! దొంగ వచ్చేదాకా మీలో మీరే కొట్టుకోండి!” అని అరిచి ప్లగ్గు పీకేసింది. మర్నాడు తలుపు మీద ఇద్దరికీ కలిపి ఒకే కాగితం. మెతోది తాతయ్య ఎంత నవ్వాడంటే పైన ఎండబెట్టిన బట్టలు కదిలాయి.

ఇక సెప్టెంబరు వచ్చింది. గుమ్మం ముందు రేకుపొయ్యిలు పెట్టి, అందరూ ఎర్ర మిరపపళ్ళు కాల్చి ఏడాదికి సరిపడా పచ్చడి వండే రోజులు. ఎవరి పచ్చడి మాడుతోందో బాకా ఊదినట్టు ప్రకటించేది మెతోది తాతయ్యే. ఆ ఏడు ఆయన కిందికి దిగలేదు.

“అలిగాడేమో. అలగనీ, పీడా పోయింది” అంది నాయనమ్మ. రెండో రోజూ దిగలేదు. “నా పచ్చడికి వంక పెట్టకుండా వీడెక్కడ చచ్చాడే!” అని ఒక సీసా పట్టుకుని విసవిసా మెట్లెక్కింది. వెనకాలే నేను.

తలుపు తీసిన మనిషి సగమయ్యాడు. మంచం మీద పెట్టె తెరిచి ఉంది, అందులో చొక్కాలు సర్ది ఉన్నాయి.

“తెర ఎర్రబడింది వెలికా” అన్నాడు, ఊపిరి లేని బాకాలాగా. “సైరన్ మోగింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి అంది. చేశాను. ఎవడో కుర్రాడు, తాతగారూ అన్నాడు. ఎంత మర్యాద! వాడు చెప్పినవన్నీ నొక్కాను. కార్డు నంబరూ చెప్పాను. తర్వాత బాణం గుర్తు దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. నా చేత్తో నేనే తలుపు తీశాను.”

నేను నాయనమ్మ మొహం చూశాను. ఇన్నాళ్ళ యుద్ధంలో ఇంతటి అవకాశం మళ్ళీ రాదు. పేలుతుందనుకున్నాను. పేలింది.

“బ్యాంకుకి చెప్పావా?”

“సిగ్గేసి...”

“సిగ్గు! దొంగకి లేని సిగ్గు నీకెందుకయ్యా!” ఫోన్ లాక్కుని, ఆయన పక్కనుండగానే బ్యాంకువాళ్ళ మీద ఎలా విరుచుకుపడిందంటే, వాళ్ళు కార్డు ఆపాకే ఊపిరి పీల్చుకుని ఉంటారు. కంప్యూటర్ని మోసుకుని బాగుచేసే కొట్టుకి నేను పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా చొక్కాలు మడతపెడుతున్నాడు.

“వార్నాలో చెల్లెలి దగ్గరికి పోతాను. నా బుర్రే కాపలా అన్నవాణ్ణి, ఆ బెంచీ మీద ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఎవరికీ చెప్పకు వెలికా.”

“నీ సంగతులు చాటడానికి నాకేం పని లేదా!” అని దభాలున తలుపు వేసి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న వీధి తలుపు మీద నల్ల అంచు కాగితం. ఈసారి ఫొటో నాయనమ్మదే, హాస్టల్ గుర్తింపు కార్డులోది, ఇప్పుడే ఎవరినో కొట్టి వచ్చినట్టున్నది.

‘తీవ్ర సంతాపంతో తెలియజేయునది. మూడో అంతస్తు వెలిక బుద్ధి ఇక లేదు. తెర ఎర్రబడి సైరన్ మోగగానే, ఆ నంబరుకి ఫోన్ చేసి దొంగకి తానే తలుపు తీసినది. ఆ ఎర్ర తెర అబద్ధం. ఫోన్ చేయకండి, ప్లగ్గు పీకండి. చేసినవాళ్ళు ముందు బ్యాంకుకి చెప్పండి, ఏడుపు తర్వాత. దుఃఖించువారు: తలుపు ముందు నిలబడి పళ్ళికిలించువారు.’

రేకుపొయ్యిలు వదిలేసి జనమంతా అక్కడే. ఒకటే నవ్వులు. అంతలో మెతోది తాతయ్య పెట్టెతో మెట్లు దిగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. పెట్టె కింద పెట్టాడు. నాయనమ్మ గరిటెతో సహా ఆయన పక్కకి చేరి పళ్ళ బిగువున అంది:

“నవ్వు.”

“ఆఁ?”

“నవ్వవయ్యా! నా మీద నవ్వే అవకాశం వస్తే నువ్వు ఊరుకున్నావంటే ఎవడు నమ్ముతాడు? ఊదు!”

ఊదాడు. ముందు కొంచెం తుస్సుమంది గానీ తర్వాత పైన బట్టలు కదిలాయి. ఆ నవ్వు మధ్యలోనే నాలుగో అంతస్తు స్నెజా నెమ్మదిగా చెయ్యెత్తింది. “నేనూ చేశానండీ ఆ ఫోన్, వేసంకాలంలో. మా ఆయనకి కూడా చెప్పలేదు.” ఆ వెనకాల నుంచి ఇంకెవరో గొంతు సవరించుకున్నారు.

వార్నా వెళ్ళాల్సిన పెట్టె ఆ రోజంతా రేకుపొయ్యి పక్కన కుర్చీగా పనికొచ్చింది. సాయంత్రం మెతోది తాతయ్య నాయనమ్మ చేతిలో ఎర్రపూలు పెట్టాడు. ఆవిడ అనుమానంగా లెక్కపెట్టింది.

“మూడేనా? నాలుగోది వెనకాల ఏమైనా దాచావా?”

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను.

“నాయనమ్మా, నీకసలు ఆ ఎర్ర తెరే రాలేదు. నువ్వు ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇదంతా రాసి పుస్తకంలో వేయిస్తాను, చూడు.”

పచ్చడి కలుపుతున్న గరిటె ఆపి, నన్ను హాస్టల్ మెట్ల మీద దొరికిన దొంగని చూసినట్టు చూసింది.

“చేశానని తలుపు మీద అంత పెద్ద అక్షరాలతో అంటించాను. చదవడం రాదు గానీ, నువ్వు రాస్తావుటే?”