మోషే బ్రేకు

మేడ్చల్ బస్ డిపో వెనక సందులో గేట్లకు, గ్రిల్లులకు వెల్డింగ్ చేసే స్టీఫెన్ ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నం ముట్టడు, కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఆన్‌లైన్ కార్ల రేసు! గెలుద్దామనా? అబ్బే. అతను కాపలా కాసేది ఒక్క పేరుకు. అందరికంటే వేగంగా ఒక చుట్టు తిరిగినవాడిగా పట్టికలో పైనున్న పేరు అతని తమ్ముడు మోషేది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి మోషే దక్కలేదు. ఎవరైనా ఆ రికార్డు దగ్గరికొస్తే చాలు, స్టీఫెన్ వాళ్ల కారు ముందుకెళ్లి అడ్డం పడతాడు. తోటి ఆటగాళ్లు అతనికి ‘రోడ్డు మీద బర్రె’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, అతనికేం సిగ్గా!

ఆడేందుకు కూర్చునే సీటు తుక్కులో దొరికిన పాత కారుది, బ్రేకు పెడల్ ఆటోది. అన్నదమ్ములు కలిసి వెల్డింగ్ చేశారు. ఆ పెడల్ నొక్కగానే సగంలో పట్టేసేది. అందుకే మోషే ప్రతి మలుపులో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కేవాడు. అతను పోయాక స్టీఫెన్ దాన్ని బాగుచేశాడు.

ఆ ఆదివారం బౌరంపేట్ నుంచి ఆడే తృప్తి అందరికంటే ముందుంది. కొన్ని నెలలుగా పోటీ వీళ్లిద్దరి మధ్యే. ఆమె కారు రికార్డుకు వెంట్రుకవాసి దూరంలో తిరుగుతోంది. స్టీఫెన్ ఆటలో కావాలనే పెట్రోలు తక్కువ పోయించుకుని, కారు తేలికచేసుకుని వెంటపడ్డాడు. చెరువు పక్క మలుపులో ఆమె కారు వెనక లైట్లు వెలిగాయి. ఆరాయి. మళ్లీ వెలిగాయి.

అచ్చం మోషే నొక్కినట్టే!

“చెల్లె, గట్ల రెండుసార్లు ఎవరు నేర్పిన్రు?” అని మైకులో అడిగాడు.

“మోషే అన్న రికార్డు కొట్టిన చుట్టు ఆటల దాచి ఉంది గదా! నీడ కారు లెక్క ముందల పెట్టుకొని దాని ఎనకనే తిరిగి నేర్చుకున్న. ఆయన నొక్కిండు, నేను నొక్కిన. గంతే. ఎందుకు నొక్కుతుండె అన్నా?”

హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాడు. వెంటనే లెక్క వేసుకున్నాడు. చెప్పాడా, ఆమె వేగం పెరిగి తమ్ముడి పేరు దిగిపోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల చచ్చినోడి పెడల్ జబ్బును జన్మంతా మోస్తుంది. నోరు మూసుకుంటే తమ్ముడి పేరు పైనే ఉంటుంది. కానీ మోషే అడిగినవాళ్లకెప్పుడూ అబద్ధం చెప్పలేదు, పాపిష్ఠివాడు!

“మా పెడల్ ఖరాబు చెల్లె. నువ్వు ఒక్కసారే నొక్కు.”

మరుసటి చుట్టులో చెరువు మలుపు వచ్చింది. లైట్లు వెలిగాయి. ఆరాయి. మళ్లీ వెలిగాయి.

“చెప్పిన గదా, ఒక్కసారే అని!”

“ఒక్కసారే నొక్కిన, అన్నా.” అంది తృప్తి. “ఒట్టు. రెండోసారి నా కాలు లేదు దాని మీద.”

స్టీఫెన్ తన కాళ్లవైపు చూశాడు. తన కాలు గాల్లోనే ఉంది. బ్రేకు పెడల్ మాత్రం సగంలో, పూర్వంలాగే, పట్టేసుకుని ఉంది.

మిగిలింది ఆఖరి చుట్టు. స్టీఫెన్ హెడ్‌ఫోన్ తీసేశాడు. ఏడుపు ఆగలేదు.

“మోషే, కాపలా నేను గాదురా కాసింది, నువ్వే. ఇగ చాలు తమ్మీ. కాలు తియ్యి. పిల్లను పోనియ్యి.”

“ఎవరితోని రా మాట్లాడుతున్నవ్?” వంటింట్లోంచి తల్లి ఎలీషమ్మ అడిగింది.

టక్కున పెడల్ పైకి లేచింది. తెర మీద చెరువు మలుపులో ఎర్రలైట్లు ఒక్కసారే వెలిగాయి. పట్టికలో తృప్తి పేరు పైకెక్కింది, మోషే పేరు కిందికి దిగింది.

“చిన్నోనితోని, అమ్మా,” అన్నాడు స్టీఫెన్. “పోయిండు.”